ఫియర్స్ అన్న మాట

మా మనుమరాలు బెంగుళూరులో ఆరో తరగతి చదువుతున్నది. సెలవులకు ధర్మపురి వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డు తెచ్చి చూపింది. మార్కుల కింద టీచరమ్మ ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసింది. ఆటల్లోనూ వాదపోటీల్లోనూ ఈ పిల్ల 'ఫియర్స్' అని అందులో ఉంది. నాకు గుండె గుభేలుమన్నది. నేను ఆ మాట నేర్చుకున్న రోజుల్లో అది పులికీ, గొలుసు తెంచుకున్న కుక్కకీ, నడివేసవి ఎండకీ వాడే విశేషణం.

"ఎవరినైనా కొట్టావా పాపా?" అని అడిగాను.

పిల్ల పకపకా నవ్వింది. "తిట్టు కాదు తాతా, పొగడ్త. తెలుగులో దీన్నేమంటారో చెప్పు" అన్నది.

ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, చప్పున చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను.

ఈ మాటకు మూలం లాటిన్‌లో 'ఫెరుస్'. అడవిది, మచ్చిక కానిది అని అర్థం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. ఫ్రెంచిలో దాని తోబుట్టువు 'ఫియేర్' అంటే ఈనాడు గర్వపడేవాడు. మధ్యయుగపు ఇంగ్లీషులో క్రూరుడికీ, శూరుడికీ, అభిమానవంతుడికీ ఈ ఒక్క మాటే సరిపోయేది. షేక్స్పియర్ 'ఎ మిడ్ సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో హెలెనా, పొట్టిదైన తన స్నేహితురాలు హెర్మియాను గురించి ఈ మాట అంటుంది. అక్కడ అది పోట్లాట నడుమ భయంతో చేసిన ఫిర్యాదు. ఇప్పుడు అదే వాక్యాన్ని బనియన్ల మీద అచ్చువేసి ఆడపిల్లలకు మెప్పుగా తొడుగుతున్నారు. 2008లో అమెరికా గాయని బియాన్సే తన ఆల్బం పేరులోనే ఈ మాటను చేర్చుకున్నది.

మన భాషలో ఈ బరువంతా మోసే మాట ఒక్కటి లేదు. ఎండ తీక్షణం, పోటీ తీవ్రం, యుద్ధం భీకరం, మృగం క్రూరం, దేవుడు ఉగ్రం. మనిషికైతే రోషం, పౌరుషం. మన అలంకారికులు రౌద్రాన్నీ వీరాన్నీ రెండు రసాలుగా విడదీశారు. ఎత్తిన కత్తి రెండింటిలోనూ ఉంటుంది. కానీ రౌద్రానికి స్థాయీభావం క్రోధం, వీరానికి ఉత్సాహం. ఎంత వేగంతో కొట్టాడన్నది కాక లోపల ఏది కదిలిందన్నది చూసి పేరు పెట్టారు.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకు ఇంకొక సంగతి కూడా తెలుసు. తమిళంలో 'మూర్క్కం' అంటే భయంకరమైన ఆవేశం, మొండితనం. అదే సంస్కృత పదం తెలుగులో మూర్ఖుడై, తెలివిమాలినవాడైంది. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, కళ్ళు మూసుకున్న ఆవేశమూ తెలివితక్కువతనమూ ఒకే ఇంటివని తెలుస్తుంది.

అలాగని ఇంగ్లీషు మాటను తోసిపుచ్చలేను. మన మాటల్లోనూ ఒక అన్యాయం ఉంది. మగవాడు గట్టిగా నిలబడితే పౌరుషం. ఆ మాటలోనే పురుషుడున్నాడు. ఆడది అలాగే నిలబడితే గయ్యాళి. మా అక్కకు పదమూడో ఏటనే పెళ్ళి చేయాలని ఇంటిల్లిపాదీ కూడబలుక్కున్నప్పుడు మా అమ్మ ఒక్కతే గుమ్మానికి అడ్డంగా నిలిచి కాదన్నది. చుట్టాలు ఆమెను గయ్యాళి అన్నారు. అక్క చదువుకుని నర్సయింది. ఈనాటి టీచరమ్మ మా అమ్మను చూస్తే బహుశా 'ఫియర్స్' అనే రాసి ఉండేది. ఆ మాట ఆడపిల్లకు పొగడ్తగా మారినందుకు నాకు సంతోషమే.

అయితే తీవ్రత తనంతట తానే ఒక గుణమా? ఇదీ నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న.

ఇంగ్లీషు పత్రికలు పార్టీ కార్యకర్తల విధేయతకు కూడా ఈ విశేషణం తగిలిస్తాయి. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మా ఊరి పక్కనున్న ఇలక్కియంపట్టి గుర్తుకొస్తుంది. 2000 ఫిబ్రవరి 2న ఒక మాజీ ముఖ్యమంత్రికి కోర్టు శిక్ష వేసిందని అక్కడ ఆందోళనకు దిగినవారు కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు బస్సుకు నిప్పుపెట్టారు. విజ్ఞానయాత్రలో ఉన్న ముగ్గురు విద్యార్థినులు కాలిపోయారు. ముగ్గురు దోషులకు 2007లో మరణశిక్ష పడింది. 2016లో సుప్రీంకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2018లో వాళ్ళు విడుదలయ్యారు. శిక్ష తగ్గించినప్పుడు కోర్టు ఎత్తిచూపిన ఒక సంగతి, ఆ పిల్లల మీద వీళ్ళకు ఏ పగా లేదన్నది. గుంపు ఆవేశంలో చేశారన్నది. నాకు అదే ఎక్కువ భయం కలిగిస్తుంది. నాయకురాలి మీది భక్తికి తీవ్రత కొరవడలేదు. ఎవరి మీద, ఎంతవరకు అన్న ఎరుకే లేదు.

భారతంలో అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ బ్రహ్మాస్త్రం వేశారు. వ్యాసనారదులు అడ్డుపడితే అర్జునుడు ఉపసంహరించుకోగలిగాడు. అశ్వత్థామకు అది చేతకాలేదు. వెనక్కి తీసుకోలేని అస్త్రాన్ని కడుపులోని పసికందు మీదికి తిప్పాడు. వేయడం ఇద్దరికీ వచ్చు, తేడా అంతా ఉపసంహారంలోనే ఉంది.

నరసింహుడి కథ కూడా అదే చెబుతుంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన తరువాత దేవతలు సైతం దగ్గరికి పోవడానికి జంకారు. ప్రహ్లాదుడు పోయాడు. ఏ బిడ్డ కోసం ఆ కోపం వచ్చిందో ఆ బిడ్డకు దాని వల్ల భయం లేదు. సింహాచలంలో ఏడాది పొడుగునా స్వామికి చందనం పూసి ఉంచి, అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూపం చూపిస్తారు. ఉగ్రాన్ని మనవాళ్ళు కాదనలేదు, చల్లబరిచే చందనాన్ని కూడా పక్కనే ఉంచుకున్నారు.

మా ధర్మపురి ఒకనాటి తగడూరు, అదియమాన్ నెడుమాన్ అంజి ఏలిన నేల. పురనానూరులో అవ్వైయార్ తొండైమాన్ ఆయుధశాలను చూసి, అవి నేతి మెరుపుతో దండలు వేసుకుని ఉన్నాయనీ, తమ రాజు ఆయుధాలు మొనలు విరిగి కమ్మరి కొలిమిలో పడి ఉన్నాయనీ అంటుంది. పొగడ్తలో దాచిన హెచ్చరిక అది. ఆ యోధుడే దీర్ఘాయువునిచ్చే ఉసిరికాయ దొరికితే తాను తినక ఆమెకిచ్చాడని చెప్పుకుంటారు. ఈ రెండూ ఒకే మనిషి గురించిన మాటలే.

మరునాడు పొద్దున కాఫీ తాగుతూ మనుమరాలితో అన్నాను: "నీ మాటకు తెలుగు దొరికింది పాపా. నువ్వు రోషం గల పిల్లవి. మంచిదే. కానీ ఒక్కటి చెప్పు. నీ చేతిలో ఓడిపోయిన పిల్లలు ఆ తరువాత నీ దగ్గరికి వచ్చి మాట్లాడతారా?"

ఈసారి నవ్వలేదు. కాసేపు ఆలోచించింది. "ఒక్కతి మాట్లాడటం లేదు తాతా" అన్నది.

బడి తెరిచిన రోజు ముందుగా ఆ అమ్మాయి పక్కన కూర్చోమన్నాను. అంతకు మించి ఆ మాటకు అర్థం చెప్పడం నాకు చేతకాలేదు.