దైవము, పురుషకారము, ఇంటివారు

మనుజుని యభ్యుదయమునకు కారణమేమని యడిగినచో మన పెద్దలు దైవమనియు పురుషకారమనియు రెండు చెప్పుదురు. (స్త్రీల విషయమున ఆ రెండవదాని నేమని పిలువవలెనో మా సంస్కృతపు చదువులో మాకు దొరకలేదు.) ఐరోపా సంగీతమున రొమాంటిక్ యుగమని పేర్కొనబడు కాలపు స్వరకర్తల చరిత్రములు చదువునపుడు ఈ రెండును చాలవని మాకు తోచుచున్నది. బీథోవెను చెవుడు, షూబర్టు లేమి, వీనిని కథలుగా చెప్పుకొని కష్టమే కళకు తల్లియని కొందరు సిద్ధాంతము చేసిరి. కాని ఏ కష్టమును లేని యింట, ప్రేమగల పెద్దల నడుమ అణగియుండిన ప్రతిభ మాట యేమి?

ఫానీ మెండెల్సన్ 1805లో హాంబర్గు నగరమున జన్మించెను. 1809లో తమ్ముడు ఫీలిక్సు పుట్టెను. తండ్రి ధనికుడైన బ్యాంకరు; తాత పేరుపొందిన తత్త్వవేత్త. కుటుంబము బెర్లినునకు తరలిన పిమ్మట ఇరువురకును స్వరరచన నేర్పిన గురువు జెల్టరే. పదుమూడేండ్ల ప్రాయమున ఆ బాలిక బాఖ్ రచించిన ప్రెల్యూడులు ఇరువదినాల్గింటిని పుస్తకము చూడక వాయించి తండ్రికి వినిపించెను. ఆ తండ్రియే 1820లో ఆమె కొక జాబు వ్రాసెను. సంగీతము తమ్మునికి వృత్తి కావచ్చును గాని నీకు అలంకారముగానే యుండవలెనని దాని సారము. ఆయన క్రూరుడు కాడు. కుమార్తెకు ఉత్తమమైన విద్య చెప్పించి, గుమ్మము దాక తెచ్చి, అచ్చట ఆగినవాడు. సంస్కారప్రియులమని చెప్పుకొను మనము ఈ ఆగుటనే పరికింపవలెను.

తమ్ముడును అక్కను ప్రాణముగా చూచినవాడే. 1827లోను 1830లోను తాను ప్రకటించిన గీతసంపుటములలో ఆమె పాటలు ఒక్కొక్కదానియందు మూడేసి చేర్చెను, తన పేరుతోనే. 1842లో విక్టోరియా రాణి ఆ సంపుటములలోనుండి ఒక పాటను ముచ్చటపడి యేరుకొని పాడగా, అది అక్కగారిదని ఆయన యొప్పుకొనవలసి వచ్చెను. అంతకుముందు 1837లో, అక్కను అచ్చువేయుటకు ప్రోత్సహింపుమని తల్లి కోరినపుడు, ఆమెకు గృహకృత్యమే ప్రధానమని చెప్పి నిరాకరించెను.

ఇది కాలధర్మమని సమాధానము చెప్పువారు కలరు. మే మంగీకరింపలేము. 1829లో ఆమెను పెండ్లాడిన చిత్రకారుడు విల్హెల్మ్ హెన్సెల్ ఆ కాలమువాడే, ఆ నగరమువాడే. ఆయన భార్యను వ్రాయుమనియు, అచ్చువేయుమనియు ప్రోత్సహించుచుండెను. క్లారా షూమాన్ కూడ ఆ కాలమున నున్నదే. పియానో ఉపాధ్యాయుడైన తండ్రి ఆమెను చిన్ననాటనే ఊరూర కచేరీలకు త్రిప్పెను. 1854లో భర్త రాబర్టు మతి చెడి వైద్యాలయము చేరి 1856లో మరణింపగా, బిడ్డలను పోషించుటకు ఆమె కచేరీలే యాధారమయ్యెను. వాయించుట కడుపుకూటి కగుటచే దాని నెవరును తప్పుపట్టలేదు. స్వరరచనము మాత్రము దాదాపుగా నిలిచిపోయెను. ఒకరిని వేదిక యెక్కించినది అవసరము. వేరొకరిని ఇంట నిలిపినది ఐశ్వర్యమును, దాని పరువును. ఫానీ ఆదివారపు సభలకు బెర్లినులోని విద్వాంసు లెందరో వచ్చిరి; వచ్చినది కచేరీకి కాదు, ఇంటికి.

మరి ఆమె యేల ఎదిరింపలేదు? 1846లో తన రచనలను తన పేరుతోనే అచ్చునకిచ్చుచు తమ్మునికి వ్రాసిన జాబులో, పదునాలుగేండ్ల నాడు తండ్రికి భయపడినట్లే నలుబదియేండ్ల వయస్సున తమ్ములకు భయపడుచున్నానని యామె చెప్పుకొనెను. శత్రువునకైన ఎదురు చెప్పవచ్చును. మేలుకోరువారికి ఎట్లు చెప్పుట? ఈసారి ఫీలిక్సు ఆశీర్వదించెను. 1847 మే నెలలో ఆదివారపు సభకు సాధన చేయించుచుండగా ఆమెకు పక్షవాతము వచ్చి మరణించెను. నాలుగువందలకు మించిన రచనలలో అచ్చయినవి కొన్నియే.

ఆమె 1828లో వ్రాసిన ఈస్టరు సొనాటా ప్రతి 1970లో దొరికినది. దానిపై ఎఫ్. మెండెల్సన్ అని యుండెను. చూచినవారు తమ్మునిదే యనుకొనిరి. అక్కదని నిర్ణయమగుటకు 2010వ సంవత్సరము రావలసి వచ్చెను.