చేతి జ్ఞానం ఎవరి పరిశోధన?

చిత్రకళలో, డిజైన్‌లో పై చదువులు చదివే విద్యార్థి గీసిన బొమ్మ, అద్దిన గుడ్డ పరిశోధన అవుతుందా? కాదనేవారికి పరిశోధన అంటే వ్యాసమే. అవుననేవారిలో కొందరికి కళాకారుడు ఏం చేసినా పరిశోధనే. మొదటి వాదం చేతిని అవమానిస్తుంది. రెండవది బుద్ధికి సెలవిస్తుంది.

1993లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు చెందిన క్రిస్టొఫర్ ఫ్రేలింగ్ ఈ చిక్కును విడదీయబోయి కళాపరిశోధనను మూడుగా విభజించాడు: కళను గురించి చేసేది, కళ ద్వారా చేసేది, కళ కోసం చేసేది. మొదటిది చరిత్రకారుడి పని. రెండవదానిలో ప్రయోగంతో పాటు దాని నివేదికా ఉంటుంది. మూడవదానిలో ఆలోచన అంతా తయారైన వస్తువులోనే ఇమిడి ఉంటుంది. పేచీ అంతా దీనితోనే.

ఆ పేచీని శ్రీకాళహస్తి కలంకారీ ముందు పెట్టి చూద్దాం. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ నీటితో వెదురు కలం పట్టి గీస్తారు. కరక్కాయ వగరుతో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు దాన్ని పాకనివ్వదు. ఎరుపు నిలవాలంటే పటిక పట్టించాలి. ఇందులో ఊహ ఉంది, పరీక్ష ఉంది, తరాల దిద్దుబాటు ఉంది. లేనిదల్లా వ్యాసం. దీన్ని పరిశోధన కాదనడానికి మనకు నోరెలా వస్తుంది?

అయినా వ్యాసం అక్కరలేదని నేననను. చేతినుంచి చేతికి అందే విద్య ఆ ఇంటి గడప దాటకపోవచ్చు. విశ్వవిద్యాలయంలో పుట్టిన జ్ఞానం మాత్రం పదిమంది విమర్శకూ నిలబడాలి. ఏ నీటిలో రంగు వెలిసిపోయిందో, ఎందుకు వెలిసిందో విద్యార్థి రాసిపెడితేనే తరువాతివాడు దాన్ని సరిచూడగలడు. రాత ఉన్నది బొమ్మను పొగడడానికి కాదు, ఓటమిని దాచకుండా చెప్పడానికి.

అసలు నైతిక ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. విద్యార్థి కొన్ని నెలలు పనివారి దగ్గర కూర్చుని నేర్చుకుంటాడు. పట్టా అతనికి వస్తుంది. నేర్పినవారు సిద్ధాంతగ్రంథంలో ‘స్థానిక సమాచారం’గా మిగులుతారు. ఇది కళాశాఖల తప్పు మాత్రమే కాదు. ఎం.ఏ. చదివే రోజుల్లో నేనూ నాట్లు వేసే స్త్రీల పాటలు సేకరించాను. రాగం, మాండలికం, ఛందస్సు అన్నీ రాసుకున్నాను. పాడినవారి పేర్లు రాసుకోలేదు. అది మతిమరుపు అనుకున్నాను చాలాకాలం. కాదు, వారికి తెలిసినదాన్ని ముడిసరుకుగానూ, నాకు తెలిసినదాన్ని జ్ఞానంగానూ చూసిన వర్గదృష్టి అది.

కనుక సృజననూ పరిశోధననూ కలపడమంటే, బొమ్మకు ఇరవై పుటల వివరణ తగిలించడం కాదు. ఆలోచించేవారు వేరు, చేసేవారు వేరు అనే పాత విభజనను చెరపడం. పనివారిని గురువులుగా పేరుపెట్టి చెప్పాలి. ఫలితాన్ని వారికి తెలిసిన భాషలో వారికి అందజేయాలి. పరీక్షకుల బల్ల దగ్గర వారికీ ఒక కుర్చీ వేయాలి. వారికి డిగ్రీ లేదంటారా? నలుపు నిలిచిందో లేదో తేల్చడానికి వారికంటే అర్హులెవరు?