ఎవరి విశ్వాసం వారి నోట

మీరు నమ్మేదేమిటి అని అడిగితే మన క్రైస్తవుల్లో చాలామంది సంఘం పేరు చెబుతారు. గుంటూరు వైపు లూథరన్ అంటారు. ఒంగోలు, నెల్లూరుల్లో బాప్టిస్టు అంటారు. దోర్నకల్, మెదక్ ప్రాంతాల్లో సి.ఎస్.ఐ. అంటారు. నరసాపురం చుట్టుపక్కల బ్రదరన్ అంటారు. ఇంకొందరు పెంతెకొస్తు అనో, బైబిల్ మిషన్ అనో, హెబ్రోను అనో చెబుతారు. తాత ఏ మిషన్లో బాప్తిస్మం తీసుకున్నాడో దాన్నిబట్టి మనవడి జవాబు ఉంటుంది. అది కుటుంబ చరిత్ర, గౌరవించదగ్గ చరిత్రే. అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

దేవుడు ఎలాంటివాడని నమ్ముతున్నారు? యేసు ఎవరు? సిలువ మీద జరిగినదానికీ మీ బతుకుకూ సంబంధం ఏమిటి? చనిపోయాక ఏమవుతుందని మీ ఆశ? వీటికి సొంత మాటల్లో నాలుగు వాక్యాలు చెప్పమంటే, ఒక్క ఆదివారం కూడా ఆరాధన తప్పనివాళ్ళు సైతం తడుముకుంటారు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. చెప్పమని వాళ్ళను ఎవరూ ఎన్నడూ అడగలేదు.

తొలి శతాబ్దాల సంఘం అడిగేది. రోమా సంఘపు పాత పద్ధతిని తెలుపుతుందని చాలామంది భావించే 'అపొస్తలుల సంప్రదాయం' అనే గ్రంథం ప్రకారం బాప్తిస్మం కోరినవాళ్ళు సాధారణంగా మూడేళ్ళు బోధ వినాలి. ఆ తర్వాత వాళ్ళ నడవడిని విచారించేవారు. విధవరాండ్రను గౌరవించారా, రోగులను చూడడానికి వెళ్ళారా అని తెలిసినవాళ్ళను అడిగి కనుక్కునేవారు. చివరికి మనిషి నీళ్ళలో నిలబడితే మూడు ప్రశ్నలు వేసేవారు. తండ్రిని నమ్ముతున్నావా? కుమారుణ్ణి నమ్ముతున్నావా? పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా? ఒక్కో ప్రశ్నకు నమ్ముతున్నానని బదులిచ్చాక ఒక్కోసారి ముంచేవారు. ఈనాడు ఆరాధనలో అందరూ కలిసి వల్లించే అపొస్తలుల విశ్వాస ప్రమాణానికి మూలం ఇలాంటి ప్రశ్నోత్తరాల్లోనే ఉంది. గుంపుగా చెప్పే పాఠం కాకముందు అది ఒక మనిషి నీళ్ళలో నిలబడి తనకోసం తాను చెప్పిన జవాబు.

మరి అందరికీ ఉమ్మడి ప్రమాణం ఎందుకు అవసరమైంది? సొంత మాటలు ఎటైనా పోగలవు కనుక. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్ద, కుమారుడు సృష్టించబడినవాడేనని, ఆయన లేని కాలం ఒకటుండేదని బోధించాడు. ఆ వాదం తూర్పు సంఘాలను రెండుగా చీల్చింది. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో బిషప్పులను సమావేశపరిచాడు. కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని సభ తీర్మానించింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన రూపమే ఈనాడు మనం నైసీయ విశ్వాస ప్రమాణం అని చదివేది. 2025తో ఆ తొలి సభకు 1700 ఏళ్ళు నిండాయి. ఇది పండితుల తగువులా కనిపించవచ్చు. కానీ సిలువ మీద బాధపడినవాడు దేవుడు కాకపోతే, దేవుడు మనిషి బాధను దూరంగా ఉండి చూసినవాడవుతాడు. ఆకలీ అవమానమూ ఎరిగిన మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

ఉమ్మడి ప్రమాణాన్ని సొంతం చేసుకునే దారిని లూథర్ చూపించాడు. 1529 నాటి 'చిన్న కాటెకిజం' అనే ప్రశ్నోత్తర బోధ పుస్తకంలో ఆయన విశ్వాస ప్రమాణంలోని ఒక్కో భాగాన్ని 'నేను' అనే మనిషి నోట వివరించాడు. సృష్టికర్తను నమ్మడమంటే ఏమిటో చెప్పేచోట ఆకాశంతోనూ నక్షత్రాలతోనూ సరిపెట్టలేదు. కళ్ళు, చెవులు, బట్టలు, చెప్పులు, తిండి, ఇల్లు, పొలం, పశువులు, భార్యాబిడ్డలు, వీటన్నిటి వరుస రాశాడు. రైతు తన ఇంట్లో కూర్చుని పిల్లలకు చెప్పగలిగేలా రాశాడు. తెలుగు అచ్చు చరిత్రకూ కాటెకిజానికీ దగ్గరి సంబంధం ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1746లో హాలే నగరంలో తెలుగు లిపిలో ముద్రించిన తొలి పుస్తకాల్లో ఒక చిన్న కాటెకిజం కూడా ఉంది.

అయితే తెలుగు నేల మీద విశ్వాస ప్రకటన అన్న మాటకు అసలు బరువు పుస్తకాల వల్ల రాలేదు. దానికోసం ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి వెళ్ళాలి.

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని మహాక్షామం పీల్చేసింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒకప్పుడు సర్వే పని చేసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేలా చేశాడు. వచ్చినవాళ్ళలో మాదిగలు ఎక్కువ. మధ్యాహ్నం పలుగూ పారా దించి కూర్చున్నప్పుడు తెలుగు బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని క్రీస్తు మాట చెప్పేవారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు.

కరువు తగ్గింది, సాయం ఆగింది. 1878 జూన్‌లో జనం మళ్ళీ వచ్చారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదంటే, తమకు డబ్బు అక్కర్లేదన్నారు. కాలువ పనిలో బొబ్బలెక్కిన అరచేతులు చూపించారు. కష్టపడి బతుకుతామని, వచ్చే పంట కూడా పోతే చస్తామని, చస్తే క్రైస్తవులుగా చస్తామని చెప్పినట్టు క్లౌ రాసుకున్నాడు. ఏ ఊరివాళ్ళను ఆ ఊరు ఎరిగిన బోధకుడు పరిశీలించాడు. జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నీళ్ళలో బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలసినప్పుడు మారుతూ ఇచ్చారు.

ఆ వేల మందిలో చదవను రాయను వచ్చినవాళ్ళు బహు కొద్దిమంది. నైసియా సభ పేరు వాళ్ళు విని ఉండరు. అయినా వాళ్ళకొక విశ్వాస ప్రమాణం ఉంది. మిషన్ వాళ్ళను కోరిన నియమాలు మూడు: విగ్రహాలకు మొక్కరాదు, ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. ఈ మూడింటినీ ఆ కాలపు పల్లెలో పెట్టి చూస్తే వాటి బరువు తెలుస్తుంది. ఊరి జాతరలో డప్పు కొట్టేది మాదిగే. చచ్చిన పశువును ఈడ్చేది మాదిగే. మోటకు తోలుతిత్తి, కాలికి చెప్పు కుట్టేది మాదిగే. అమ్మవారి జాతరకు డప్పు ఎత్తననడం ఊరిపెద్దను ఎదిరించడమే. ఆదివారం పనికి రాననడం ఆసామికి ఎదురు చెప్పడమే. దెబ్బలు తిన్నవాళ్ళున్నారు, పని పోగొట్టుకున్నవాళ్ళున్నారు, బావి దగ్గరికి రానివ్వనందుకు నీళ్ళకు అల్లాడినవాళ్ళున్నారు. 'నేను క్రీస్తును నమ్ముతున్నాను' అన్న వాక్యానికి వాళ్ళు ఇచ్చిన వ్యాఖ్యానం అది. ఏ వేదాంత కళాశాలలోనూ అంతకంటే స్పష్టమైన వ్యాఖ్యానం రాయలేదు.

వాళ్ళకు ముందే దారి తీసినవాడు తాళ్ళకొండపాడు వాసి యెర్రగుంట్ల పేరయ్య. ఆయన తోళ్ళ వ్యాపారి, రాజయోగ సాధన చేసిన ఆధ్యాత్మిక జిజ్ఞాసువు. 1866లో బాప్తిస్మం పొంది, తన బంధువర్గమంతా తిరిగి చెప్పాడు. ఆయన జీవితం గమనిస్తే ఒక సంగతి తేటపడుతుంది. అప్పటిదాకా వెతికిన వెతుకులాటను ఆయన క్రీస్తు దగ్గరికి వెంట తెచ్చుకున్నాడు. ధ్యానానికి అలవాటుపడిన మనసే ప్రార్థనలో నిలిచింది.

అందరి దారీ ఇంత సూటిగా ఉండదు. పండిత రమాబాయి కథ అందుకు సాక్ష్యం. పురాణాలు చదువుతూ తీర్థాలు తిరిగిన ఆ కుటుంబం కరువు రోజుల్లో తిరుపతి కొండల అడవిలో ఆకులు తిని గడిపిందని ఆమె స్వయంగా రాసింది. తల్లిదండ్రులను పోగొట్టుకుని, సంస్కృత పాండిత్యంతో కలకత్తాను మెప్పించి, 1883లో ఇంగ్లండులోని వాంటేజ్‌లో బాప్తిస్మం తీసుకుంది. తీసుకున్నాక మౌనంగా ఉండలేదు. త్రిత్వం గురించీ, క్రీస్తు దైవత్వం గురించీ, సంఘాధికారం గురించీ అక్కడి సన్యాసిని సిస్టర్ జెరాల్డీన్‌తో, విద్యావేత్త డొరొతియా బీల్‌తో ఉత్తరాల్లో ఏళ్ళ తరబడి వాదించింది. మనస్సాక్షి ఒప్పనిదాన్ని మీ మాట మీద ఒప్పుకోలేనని తేల్చి చెప్పింది. పెద్దలకు అది అహంకారంలా తోచింది. కానీ ఆ ప్రశ్నల గుండా నడిచిన మనిషే 1907లో తన సాక్ష్యం రాసింది, కేడ్గావ్ ముక్తి సదనంలో వేల మంది నిరాధార స్త్రీలనూ పిల్లలనూ సాకింది, బైబిలంతా మరాఠీలోకి అనువదించే పనిలోనే చివరి రోజులు గడిపింది. అనుమానాలను దాచుకుని తల ఊపినవాళ్ళకంటే, అడిగి తేల్చుకున్న రమాబాయి విశ్వాసమే ఎక్కువ కాలం, ఎక్కువమందికి పనికొచ్చింది.

మునిపల్లెలో కె. సుబ్బారావు మరో ప్రశ్న వేశాడు. 1942లో జబ్బుతో ఉన్నప్పుడు తనకు క్రీస్తు కనిపించాడని చెప్పిన ఈ ఉపాధ్యాయుడు క్రీస్తును గురువుగా, ప్రభువుగా స్వీకరించాడు. బాప్తిస్మాన్నీ సంఘాన్నీ మాత్రం తోసిపుచ్చాడు. ఆయన చుట్టూ హిందువులూ క్రైస్తవులూ చేరారు. మతం పేరుతో పేరుకుపోయిన డాంబికాన్ని ఆయన విమర్శించిన తీరులో నిజముంది. అయినా ఒక చిక్కు మిగులుతుంది. కోస్తా పల్లెల్లో సంఘమంటే చాలావరకు మాలపల్లె, మాదిగపల్లె. వాళ్ళ పక్కన కూర్చుని ఒకే పాత్రలో ద్రాక్షరసం తాగకుండా క్రీస్తును ఒంటరిగా ఆరాధించగలమనుకుంటే, ఆ ఆరాధనలో పొరుగువాడి చోటు ఏదని అడగక తప్పదు.

పొరుగువాణ్ణి విశ్వాస ప్రమాణంలోకే ఎక్కించిన సంఘాలున్నాయి. హిట్లర్ ఏలుబడిలో, 1934 మేలో, బార్మెన్‌లో చేరిన జర్మన్ ప్రొటెస్టంట్లు సంఘానికి ప్రభువు క్రీస్తు ఒక్కడేనని ఆరు సూత్రాల్లో ప్రకటించారు. దానికి ప్రధాన రచయిత కార్ల్ బార్త్. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నడుస్తుండగా డచ్ రిఫార్మ్‌డ్ మిషన్ చర్చి 1982లో బెల్హార్ ఒప్పుకోలును సిద్ధం చేసి 1986లో ఆమోదించింది. జాతిని బట్టి విశ్వాసులను విడదీయడం సువార్తకే విరుద్ధమని, అన్యాయానికి గురైనవాళ్ళ పక్షాన దేవుడున్నాడని అందులో రాసుకున్నారు. కులాన్ని బట్టి సంఘాలు ఏర్పడ్డ చోట, పెళ్ళి సంబంధం దగ్గర కులం అడిగే విశ్వాసులున్న చోట, మన సంఘాలు ఇలాంటి మాట ఒకటి రాసుకోవలసిన అవసరం ఇప్పటికీ ఉంది.

తెలుగు దళిత క్రైస్తవుడికి నోరు విప్పి చెప్పడంలో ఇంకో కష్టం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. అందుకే ఎన్నో కుటుంబాలు ఆదివారం బైబిలు పట్టుకుని వెళ్తాయి, సర్టిఫికెట్లో మాత్రం హిందూ అని ఉంటుంది. బిడ్డ చదువు, ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ తల్లిదండ్రులను పిరికివాళ్ళనడం అన్యాయం. మతం మారినంత మాత్రాన ఊళ్ళో వాళ్ళ పేట మారలేదు, వాళ్ళను చూసే చూపూ మారలేదు. మనిషి నమ్మేదాన్ని బాహాటంగా చెప్పినందుకు శిక్ష పడే ఏర్పాటును మార్చమని అడగడం క్రైస్తవుల బాధ్యత మాత్రమే కాదు, మనస్సాక్షి స్వేచ్ఛను గౌరవించే ప్రతివారి బాధ్యత.

ఇంతకూ ఒక మామూలు విశ్వాసి తన నమ్మకాన్ని రాసుకోవాలంటే ఎలా? అపొస్తలుల ప్రమాణాన్ని ముందు పెట్టుకుని ఒక్కో భాగం దగ్గర ఆగవచ్చు. ఇది నమ్ముతున్నాను, ఎందుకు నమ్ముతున్నాను, దీనివల్ల నా ఇంట్లో, నా పనిలో ఏం మారింది అని రాయవచ్చు. చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా, ఎదిగాక ముంచాలా అనే తగువులో తన పక్షమేమిటో, ఎదుటి పక్షంలోనూ రక్షణ పొందినవాళ్ళున్నారని ఎందుకు ఒప్పుకుంటాడో రాయవచ్చు. అర్థంకానిచోట అర్థం కాలేదని రాయవచ్చు. బైబిలు తెరిచే ఉంచాలి. కనీసం ఒకరికి చదివి వినిపించాలి. ఒంటరిగా రాసుకున్న నమ్మకం ఎక్కడ పక్కకు జరిగిందో రాసినవాడికంటే విన్నవాడికే ముందు తెలుస్తుంది.

ఈ పని సంఘాలు మొదలుపెట్టవచ్చు. కన్ఫర్మేషన్‌కూ బాప్తిస్మానికీ సిద్ధపడే పిల్లల చేత కంఠస్థం చేయించిన జవాబులతోపాటు, సొంత మాటల్లో ఒక పేజీ రాయించాలి. రాయడం రాని పెద్దల చేత చెప్పించి, చదువుకున్న పిల్లల చేత రాయించాలి. పాస్టర్ గారు వాటిని దిద్దకుండా చదవాలి, అనుమానాలు కనిపిస్తే కోప్పడకుండా కూర్చుని మాట్లాడాలి. ముందుగా తనదీ ఒక పేజీ రాసి సంఘానికి వినిపించాలి.