చదరంగపు గింజలు – స్వామివారి బాకీ

ఇంకొల్లు సమీపమున పావులూరను గ్రామము కలదు. మహావీరాచార్యుల సంస్కృత గణితగ్రంథమును 11వ శతాబ్దమున తెనిగించిన మల్లనకు ఆ ఊరిపేరే ఇంటిపేరైనది. ఆయనదని ప్రసిద్ధమైన చంపకమాల నొకదానిని చిన్ననాడు పాఠశాలలో వల్లించితిమి. చదరంగమున 64 గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచు పోయిన మొత్తమెంత? 18446744073709551615. ఒక్క పద్యమున ఇరువది అంకెలు! శరమనగా మన్మథుని బాణములు, అయిదు. పద్మజాస్యమనగా బ్రహ్మముఖములు, నాలుగు. ఆకాశమన్నచో సున్న. ఒకట్ల స్థానమున మొదలిడి కుడినుండి ఎడమకు వ్రాసికొనవలెను. పద్యము నోటికి వచ్చినవానికి ఒక్క అంకెయు తప్పదు.

ఈ సంఖ్య అయిదుతో ముగియుటచే అయిదింట భాగింపబడును. అంకెల కూడిక 87 గనుక మూడింటను భాగింపబడును, తొమ్మిదింట కాదు. అది యట్లుండనిండు. నన్ను పట్టిన గుణము వేరు. ఏ గడిలోని గింజలైనను, దాని ముందున్న గళ్లన్నిటి మొత్తము కంటె సరిగా ఒకటి యెక్కువ. మూడవ గడిలో నాలుగు; ముందున్నవి ఒకటియు రెండును, వెరసి మూడు. కడపటి మెట్టు ఒక్కటే గడచిన మెట్లన్నిటిని మింగును.

ఇదే లెక్క వడ్డీకిని కలదు. నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున, వడ్డీని నెలనెల అసలులో కలుపుచు పోయినచో, 36 నెలలకు అప్పు రెట్టింపు దాటును. నేనును ఒక కౌలురైతుకు ఇట్లే యిచ్చితిని. 2021లో మన మిరపతోటలను నల్ల తామరపురుగు తినివేసినది. "అసలు ఇచ్చుకుంటాను స్వామీ, వడ్డీ మీద వడ్డీ నా వల్ల కాదు" అని అతడు అరుగుక్రింద నిలిచినాడు. పత్రము పత్రమే యంటిని.

ఆ మాసమే కేరళమున అంబలపుళ కృష్ణుని సేవింప పోయితిని. అచ్చటి ఐతిహ్యము వినుడు. స్వామి మునివేషమున రాజుతో చదరంగమాడి గెలిచి, పందెముగా ఈ గింజలనే అడిగెనట. కొట్లన్నియు ఖాళీయయ్యెను గాని గళ్లు నిండలేదు. ప్రపంచమంతయు నేడు ఏటేట పండించు బియ్యమును వందల ఏండ్లు పోసినను నిండవు. అప్పుడు స్వామి నిజరూపము చూపి, ఒకేసారి తీర్చనక్కరలేదు, దినదినము పాయసముగా ఇమ్మనెను. ఆ పాలపాయసపు నివేదన నేటికిని జరుగుచున్నది. అసంఖ్యేయుడని మనము సహస్రనామమున నిత్యము పిలుచు స్వామి గింజలెంచుట మానినాడు. నేను మానలేదు! ప్రసాదము దొన్నె చేతనుండగా నాకు సిగ్గు కలిగినది.

ఇల్లు చేరిన సాయంకాలమే పత్రము తీసి, వడ్డీపై వడ్డీ కట్టిన పంక్తులు కొట్టివేసితిని. అతడిప్పటికి అసలులో మూడువంతులు తీర్చినాడు. మొన్న సంక్రాంతికి రెండు శేర్ల కొత్తబియ్యము తెచ్చి, "పాయసానికి స్వామీ" అని అరుగుమీద నుంచి పోయినాడు.