పన్నెండేళ్ళ మౌనం



పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని గురించి మార్కు శుభవార్త 5వ అధ్యాయంలో చదువుతాం. ఆమె ఎందరో వైద్యుల చుట్టూ తిరిగింది. ఉన్నదంతా ఖర్చు పెట్టింది. చివరికి జనంలో దాగి, ఎవరికీ తెలియకుండా ప్రభువు అంగీ అంచును తాకింది. ప్రభువు ఆమెను దాగి ఉండనివ్వలేదు. అందరి ఎదుటికి పిలిచి 'కుమారీ' అన్నారు. వైద్యుల దగ్గరకు ఎందుకు వెళ్ళావని మందలించలేదు. ఆమె జబ్బును సిగ్గుపడవలసిన విషయంగా ఎంచలేదు.

ఆ స్త్రీ ఈనాడు మన ఇళ్ళలోనూ ఉంది. నెలనెలా అధిక రక్తస్రావం, భరించలేని పొత్తికడుపు నొప్పి. "ఆడపుట్టుక పుట్టాక ఇవి మామూలే" అంటారు పెద్దవాళ్ళు. పెళ్ళయి కొంతకాలమైనా కడుపు పండకపోతే మాత్రం సూటిపోటి మాటలు మొదలవుతాయి. మ్రొక్కుబడులూ నొవేనాలూ జరుగుతాయి, పరీక్ష జరగదు. నొవేనా మంచిదే. కాని వైద్యుణ్ణి గౌరవించమని, ప్రార్థించిన పిమ్మట అతనికి చోటివ్వమని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తున్నది.

స్కానింగు గర్భిణీలకే అని చాలామంది అనుకుంటారు. గ్లాస్గో నగరంలో డాక్టర్ ఇయాన్ డొనాల్డ్ 1958లో ఈ పరీక్షను వైద్యలోకానికి వివరించినప్పుడు, ఆయన పరీక్షించినవారిలో ఒక స్త్రీ ఉంది. నయంకాని క్యాన్సరని ఆమెపై ఆశ వదులుకున్నారు. అది అండాశయంలో పెరిగిన నీటితిత్తి అని స్కానింగులో తేలింది. ఆపరేషన్‌తో తీసివేశారు, ఆమె కోలుకుంది.

ఇది ఎక్స్‌రే కాదు. చెవికి వినబడని శబ్దతరంగాలతో లోపలి అవయవాలను చూపించే పరీక్ష. గర్భసంచిలో గడ్డలు, అండాశయంలో తిత్తులు, నెలనెలా అండం ఎదిగే తీరు ఇందులో కనబడతాయి. గర్భం నిలిచాక తొలివారాల్లోనే చేయిస్తే, పిండం గర్భసంచిలో కాక నాళంలో చిక్కుకున్నదేమో తెలుసుకుని తల్లి ప్రాణం కాపాడవచ్చు. అన్ని లోపాలూ దీనిలో కనబడవు. అయినా మొదటి అడుగు ఇదే. ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే, భార్యకు 35 ఏళ్ళు దాటితే ఆరు నెలలకే, డాక్టరును కలవాలి. భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి. లోపం అతనిలోనూ ఉండవచ్చు.

శ్రీసభ దీనికి అడ్డు చెప్పదు. సంతానలేమిని తొలగించే పరిశోధనలను 1987లో వెలువడిన 'దోనుం వీతే' పత్రం ప్రోత్సహించింది. దంపతుల కలయికకు బదులు ప్రయోగశాలలో శిశువును రూపొందించడాన్ని మాత్రం అంగీకరించలేదు. ఇక ఆడపిల్లను వదిలించుకోవడానికి స్కానింగు చేయించడం ఘోరపాపం. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం కూడా. ఒక స్కానింగు చూసి వెంటనే గర్భసంచి తీసేద్దామంటే, తొందరపడక రెండో డాక్టరును అడగండి. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో ఎక్కువగా ఉన్నది మన తెలుగు రాష్ట్రాల్లోనే.

బిడ్డ దేవుని వరం, మన హక్కు కాదు. పరీక్షలన్నీ చేయించినా ఒడి నిండని దంపతులది కూడా సంపూర్ణ కుటుంబమే. దత్తతకు ఎదురుచూసే పసివారున్నారు. కాని తెలుసుకోగలిగిన జబ్బును సిగ్గుతో కప్పిపెట్టడం దైవచిత్తానికి లోబడటం కాదు.

అత్తగార్లారా, కోడలిని నిందించకండి, ఆసుపత్రికి ఆమె వెంట వెళ్ళండి. భర్తలారా, ఆమె పక్కన కూర్చోండి. పన్నెండేళ్ళు ఆగనివ్వకండి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.