రెండేళ్ల పాపతో ద్రాక్షతోటల్లో

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువాళ్లకు లివర్‌మోర్ అనగానే గుడి గుర్తొస్తుంది. 1986లో ప్రతిష్ఠ జరిగిన శివవిష్ణు ఆలయం అక్కడే ఉంది. అన్నప్రాసనకో, అక్షరాభ్యాసానికో, కొత్త కారు పూజకో ఫ్రీమాంట్, ప్లెజంటన్, శాన్‌రమోన్ల నుంచి వారాంతాల్లో కార్లు అటు తిరుగుతాయి. ఆ గుడి నుంచి పావుగంట దక్షిణానికి వెళ్తే టెస్లా రోడ్డు. అక్కడ కనుచూపు మేర ద్రాక్షతోటలు. కాలిఫోర్నియాలోని పాత వైనరీల్లో రెండు, కన్‌క్యానన్, వెంటీ, ఆ దారిలోనే ఉన్నాయి. రెండూ 1883లో మొదలైనవే. గుడికి వెళ్లిన రోజున మనవాళ్లు సాధారణంగా అటు వెళ్లరు. దానికి ఇంకో వారం చూసుకుంటారు.

అలా ఇంకో వారం చూసుకున్న కుటుంబం ఒకటి. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఆమెది నెల్లూరు జిల్లా, అతనిది నల్లగొండ వైపు ఊరు. పాపకు రెండేళ్లు నిండాయి. సాయానికని అమ్మమ్మ వచ్చి ఉంది. శనివారం వైనరీ, ఆదివారం బ్రూవరీ అని అనుకున్నారు. స్ట్రోలర్, డైపర్ల సంచీ, పెరుగన్నం డబ్బా సర్దుతుంటే అమ్మమ్మ అడిగింది: "పసిబిడ్డని ఆడికి తీసకపోయేది దేనికమ్మా?"

తేలిగ్గా దాటేయగల ప్రశ్న కాదది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా అంగడిని మూయించినప్పుడు ఈ అమ్మమ్మ కొత్తగా కాపురానికొచ్చిన వయసులో ఉంది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటూ, సారా గురించి చదివి, మాట్లాడుకుని, ఆ ఆడవాళ్లు వీధిలోకి వచ్చారు. కూలి డబ్బు సారాకు పోతుంటే, ఆ సారా ఇంటికొచ్చి చెయ్యెత్తుతుంటే, మూలన నక్కి చూసింది పిల్లలే. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా అమ్మకం ఆగింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది పోయింది. చట్టం పోయినా ఆ తరం ఆడవాళ్ల మనసులో ఒక గోడ నిలిచింది: మందు అటువైపు, బిడ్డ ఇటువైపు. ఆ గోడ ఎందరు పిల్లల్ని కాపాడిందో లెక్కకట్టలేం. దాన్ని చాదస్తమనడం అన్యాయం.

అల్లుడి జ్ఞాపకం వేరు. తాటివనంలో గౌడు లొట్టి దించుతుంటే తాత పక్కన నిలబడి ముంజలు తిన్న పిల్లవాడతను. తెలంగాణ పల్లెల్లో కల్లు మండువ దగ్గర ఆడామగా కలిసి కూర్చోవడం, బోనాల్లో అమ్మవారికి కల్లు సాక పోయడం అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెల్లవారకముందే దించిన నీరాలో మత్తుండదు. అదే పులిస్తే కల్లవుతుంది. ఆ నీరాకు హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు పక్కన 2023లో ప్రభుత్వమే కేఫ్ తెరిచింది. అతని ఊళ్లోనూ తాగి చెడినవాళ్లున్నారు, తాగుడు వల్ల చితికిన ఇళ్లున్నాయి. కాని పిల్లవాడి కంటికి కల్లు రహస్యం కాదు. చెట్టు తెలుసు, ఎక్కే మనిషి తెలుసు, తాగినవాడు ఇంటికి ఎలా నడిచి వెళ్తాడో కూడా తెలుసు. ఇలా రెండు జ్ఞాపకాలున్న ఇంట్లో మూడోతరం పిల్ల నడక నేర్చి, గులకరాళ్లు ఏరుకునే వయసుకొచ్చింది.

లివర్‌మోర్‌లో గులకరాళ్లకు కొదవలేదు. ఆ లోయ నేలంతా వాటితోనే నిండి ఉంటుంది. నీరు నిలవదు. లోయ తూర్పుపడమరలుగా పరుచుకుని ఉండటంతో పగలంతా ఎండ కాసినా సాయంత్రానికి పడమటి నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ద్రాక్షకు ఈ రెండూ కలిసొచ్చాయి. ఇక్కడి క్రెస్టా బ్లాంకా వైన్‌కు 1889లో పారిస్ ప్రదర్శనలో గ్రాండ్ ప్రీ వచ్చింది. వెంటీ కుటుంబం 1912లో ఫ్రాన్స్‌లోని మాంపెలియే నుంచి తెప్పించి నాటిన షార్డనే కొమ్మల సంతతి తర్వాతి కాలంలో కాలిఫోర్నియా అంతటా పాకింది. పెద్దవాళ్లు ఈ చరిత్ర వింటుంటే పాప డ్రిప్ గొట్టం దగ్గర కూర్చుని చుక్క చుక్కకీ చెయ్యి పెట్టింది. గుప్పెడు రాళ్లు తెచ్చి అమ్మమ్మ ఒడిలో పోసింది. ద్రాక్షతోటలో ఉన్నా తను తిన్న ద్రాక్షపళ్లు ఇంటి దగ్గర నిలువుగా కోసి డబ్బాలో పెట్టుకొచ్చినవే. నాలుగేళ్లలోపు పిల్లల గొంతుకు గుండ్రటి ద్రాక్షపండు అడ్డం పడే ప్రమాదముంది కాబట్టి అలా కోసి పెట్టమని పిల్లల వైద్యులు చెబుతారు.

పసిపిల్లతో వెళ్తే రుచి చూసే పద్ధతే మారిపోతుంది. అయిదు రకాల వైన్లు ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి, ఒక్కోదాని గురించి చెప్పడానికి సులువుగా గంట పైనే పడుతుంది. రెండేళ్ల పిల్ల అంతసేపు ఒకచోట కూర్చోదు. అందుకే ఒకరు బల్ల దగ్గర ఉంటే ఇంకొకరు పాప వెనక తోట గట్ల మీద తిరిగారు. రెండో గ్లాసుకూ మూడో గ్లాసుకూ మధ్య ఒక డైపర్ మార్చడం, ఒక ఏడుపు, ఒక సీతాకోకచిలుక. మూడో వైన్ దగ్గరే లేచి వచ్చేశారు. అక్కడ తిరిగే పెద్దల్లో ఇలా కాలాన్ని పిల్లకు అప్పగించినవాళ్లే హాయిగా కనిపిస్తారు. పిల్లను ఫోన్ తెరకు అప్పగించి పూర్తి వరస తాగి తీరాలనుకున్నవాళ్లకు తోటా దక్కదు, పిల్లా దక్కదు.

అమ్మమ్మ భయానికి ఇంకా జవాబు దొరకలేదు. పాప ఏం చూస్తోంది?

దీనికి పరిశోధకుల దగ్గర కొంత సమాధానముంది. 2005లో అమెరికాలో డార్ట్‌మత్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు నుంచి ఆరేళ్ల పిల్లలు 120 మందికి బొమ్మలు, ఒక ఆట కిరాణా దుకాణం ఇచ్చారు. స్నేహితురాలు ఇంటికి వస్తోంది, కావలసినవి కొనమన్నారు. బొమ్మను నడిపిస్తూ 62 శాతం పిల్లలు బుట్టలో మద్యం వేశారు. 28 శాతం సిగరెట్లు కొన్నారు. అమ్మానాన్నలు కనీసం నెలకోసారి తాగే ఇళ్ల పిల్లల్లో మద్యం కొన్నవాళ్లు ఎక్కువ. చుట్టం వస్తే సీసా తేవాలన్నది ఎవరూ నేర్పక ముందే ఆ వయసు పిల్లలకు తెలిసిపోయింది. పసిపిల్లలకు ఏం తెలుస్తుందిలే అని వాళ్ల ముందే గ్లాసులు నింపే ఇళ్లన్నీ చదవాల్సిన అధ్యయనమిది.

అలాగని చిన్నప్పుడే ఒక గుటక తాగిస్తే పెద్దయ్యాక అదుపులో ఉంటారన్న వాదమూ నిలవదు. యూరప్ అలవాటని చెప్పి ఈ మాటను సమర్థించేవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. ఆ ఫ్రాన్సే 1956లో పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బడి భోజనంలో వైన్ ఇవ్వడాన్ని నిషేధించింది. ఆస్ట్రేలియాలో కౌమార వయసు పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని ఆరేళ్లపాటు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులే మద్యం పోసిచ్చినందువల్ల పిల్లలకు ఏ రక్షణా దొరికినట్టు తేలలేదు. సరదాకైనా వేలితో పాప నాలుకకు రాయకూడదన్న విషయంలో అమ్మమ్మకూ ఈ పరిశోధకులకూ తేడా లేదు.

అంటే గోడ తీసేసినంత మాత్రాన ప్రమాదం పోదు. గోడ ఉన్నచోట కనీసం ఒక గట్టయినా ఉండాలి. పొలానికి గట్టు నీటిని దాచదు, అది ఎంతవరకు నిలవాలో చూపిస్తుంది. పిల్ల ముందు తాగే పెద్దలు చూపించగలిగింది ఆ హద్దునే: ఎంత, ఎప్పుడు, ఎందుకు, ఎక్కడ ఆపాలి.

ఎంత అన్నది మాటలతో కాక లెక్కతో తేలాలి. అమెరికాలో ఒక ప్రామాణిక డ్రింకు అంటే అయిదు ఔన్సుల వైన్, సుమారు 150 మిల్లీలీటర్లు. రుచికని పోసేది చూడ్డానికి అడుగున కొంచెమే. కాని ఒక్కోటీ ఒకటిన్నర ఔన్సు చొప్పున అయిదు రకాలు తాగితే ఏడున్నర ఔన్సులు, ఒకటిన్నర డ్రింకు అయిపోయినట్టే. బీర్‌కు ప్రామాణికం అయిదు శాతం ఆల్కహాల్ ఉన్న పన్నెండు ఔన్సులు. ఏడు శాతం ఉన్న ఐపీఏ రకం బీరు నాలుగు చిన్న గ్లాసులు, ఒక్కోటీ నాలుగు ఔన్సులు తాగితే దాదాపు రెండు డ్రింకులు. కాలిఫోర్నియాలో రక్తంలో 0.08 శాతం ఆల్కహాల్ ఉండి కారు నడిపితే నేరం. పద్నాలుగేళ్లలోపు బిడ్డ కారులో ఉంటే శిక్ష ఇంకా పెరుగుతుంది. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. ఈ లెక్కలు తెలిసే ఆ జంట ఒక ఒప్పందం చేసుకుంది. శనివారం అతను డ్రైవింగ్, ఒక్క చుక్క ముట్టడు. ఆదివారం ఆమె. ఎవరి వంతో పాప ముందే పైకి చెప్పుకుంటారు.

ఆదివారం బ్రూవరీకి వెళ్లడంలోనూ ఆ ప్రాంతపు చరిత్ర కొంత ఉంది. 1970ల మొదట్లో లివర్‌మోర్ స్థానిక పత్రికలో పనిచేసిన బిల్ ఓవెన్స్ అనే ఫొటోగ్రాఫర్, అక్కడి కొత్త కాలనీల్లో స్థిరపడిన యువ కుటుంబాలను, వాళ్ల వంటిళ్లను, వీధిలో మూడు చక్రాల బండి తొక్కే పిల్లల్ని ఫొటోలు తీసి 1973లో 'సబర్బియా' అనే పుస్తకం వేశాడు. పదేళ్ల తర్వాత, కాలిఫోర్నియా చట్టం మారి బీరు కాచేవాళ్లు అక్కడే భోజనంతో పాటు అమ్ముకోవచ్చన్నాక, అతనే పక్కనున్న హేవర్డ్‌లో బఫెలో బిల్స్ అనే బ్రూపబ్ తెరిచాడు. అమెరికాలో తొలి బ్రూపబ్‌లలో అదొకటి. బీరు పక్కకు భోజనం రావడంతో, భోజనం వెంట కుటుంబాలూ వచ్చాయి. ఇవాళ అక్కడి చాలా బ్రూవరీల్లో పిల్లల కుర్చీలు, రంగు పెన్సిళ్లు కనిపిస్తాయి. కొన్నిచోట్ల మాత్రం ఇరవయ్యొక్కేళ్లు నిండనివాళ్లకు ప్రవేశం లేదు. అలాంటి హద్దు పెట్టుకున్న చోటును తప్పుపట్టాల్సిన పని లేదు.

బ్రూవరీలో నానిన బార్లీ వాసన తలుపు దాకా వస్తుంది. పాప ముక్కు ఎగబీల్చి "అన్నం" అంది. నిజానికి అది గింజను ఉడకబెట్టిన వాసనే. ఆ రోజు గ్లాసు అల్లుడి చేతిలో ఉంది, ముందురోజు కూతురి చేతిలో ఉంది. అమ్మమ్మకు కష్టంగా అనిపించింది రెండోదే. మగవాళ్ల తాగుడు మీద ఆడవాళ్లు తిరగబడిన జిల్లాలో బతికిన మనిషికి, తన కూతురు తాగడం చూడటం చిన్న విషయం కాదు. కూతురు దాచలేదు, వాదించనూ లేదు. శనివారం వైనరీలో సగం గ్లాసు బల్ల మీద వదిలేసి పాపకు పెరుగన్నం పెట్టింది. అమ్మమ్మ కూడా మనసులో ఉన్నది దాచుకోలేదు. "నాకు నచ్చలా. కానీ నువ్వు ఆపడం చూశా" అంది.

వాసన గురించి ఇంకో అధ్యయనముంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థలో జూలీ మెనెల్లా, ఆమె సహచరి కలిసి మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బీరు వాసన చూపించి, బాగుందా లేదా అని అడిగారు. 2000లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, బాధ మరిచిపోవడానికి తాగే తల్లిదండ్రుల పిల్లల్లో ఆ వాసన బాగాలేదన్నవాళ్లు ఎక్కువ. ఆ ఇళ్లలో బీరు వాసన వెంట దిగులు కూడా వస్తుంది, పిల్లలకు ఆ రెండూ ముడిపడి గుర్తుంటాయి. తల్లిదండ్రులు ఎందుకు తాగుతున్నారో బడికి వెళ్లని వయసులోనే పిల్లలకు తెలిసిపోతోంది.

దీన్నిబట్టి చూస్తే, రెండు రోజుల విహారం ఈ విషయంలో సులువైన భాగం. ఎండ, పచ్చిక, నలుగురు మనుషులు, తిండి అన్నీ ఉన్నచోట హద్దులో ఉండటం కష్టం కాదు. ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తారన్న పుకారు వచ్చిన మంగళవారం రాత్రి, వీసా కాగితం వెనక్కి వచ్చిన రోజు, ఊళ్లో నాన్నకు బాగాలేదని ఫోన్ వచ్చినప్పుడు వంటింటి అల్మరా తలుపు తెరుచుకుంటుందా అన్నది కష్టమైన భాగం. పాప అప్పుడూ అక్కడే ఉంటుంది, అదే ఎత్తు నుంచి చూస్తూ. ఆ జంట వారాంతంలో పెట్టుకున్న హద్దును మంగళవారానికీ వర్తింపజేయాలని అనుకుంది: బాధలో ఉన్నప్పుడు సీసా మూత తీయకూడదు, కష్టం వస్తే ఆ కష్టం గురించి పాప వినేలాగే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. అమ్మమ్మ తిరుగు ప్రయాణానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. ఈలోగా దూబగుంట సంగతులన్నీ ఆమె చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయాలని కూతురు పట్టుబట్టింది. పాపకు తెలుగు బాగా అర్థమయ్యే వయసు వచ్చాక వినిపించడానికట.