సగటు మనిషి

పన్ను పుచ్చితే సలుపుతుంది, జ్వరమొస్తే ఒళ్లు కాలుతుంది. బీపీ మాత్రం చాలామందిలో నోరు విప్పదు. ఏళ్ల తరబడి లోలోపల గుండెనీ మెదడునీ మూత్రపిండాలనీ తినేస్తూ, పైకి మాత్రం ‘నాకేం, దుక్కలా ఉన్నాను’ అనిపిస్తుంది. ఇంట్లో మిషను పెట్టుకున్నవాడికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. నా ఒంటి సంగతి నాకన్నా ఆ పెట్టెకే బాగా తెలుసని ఒప్పుకోవాలి.

మన నైయాయికులు జ్ఞానానికి మార్గాలు చెబుతూ ప్రత్యక్షం పక్కనే అనుమానాన్నీ కూర్చోబెట్టారు. పొగ కనిపిస్తే నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. బీపీని ప్రత్యక్షంగా చూడాలంటే స్టీఫెన్ హేల్స్ చేసిన పని చెయ్యాలి. ఆ ఇంగ్లండు మతాచార్యుడు ఒక ఆడగుర్రం ధమనిలో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి నిలువుగా గాజు గొట్టం తగిలించాడు. నెత్తురు ఎనిమిది అడుగుల మూడు అంగుళాల ఎత్తుకి ఎగబాకింది. ఆ ముచ్చట 1733లో అచ్చయింది. గుర్రం దక్కలేదు. తర్వాతి వైద్యులు చాలావరకు అనుమానంతోనే సరిపెట్టుకున్నారు. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచీ చేతికి పట్టీ చుట్టాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుడు విన్నాడు. ఇవాళ మన బల్ల మీది మిషను ఆ చప్పుడు కూడా వినదు. పట్టీలోని గాలి నాడితో పాటు ఎంత అదురుతోందో పట్టుకుని, తనకి నేర్పిన లెక్క ప్రకారం రెండంకెలు తేలుస్తుంది.

పొగా నిప్పూ ఒక్కసారి కలిసి కనిపిస్తే అది కాకతాళీయం కూడా కావచ్చు. అందుకే భూయోదర్శనం, అంటే పదే పదే చూడటం కావాలన్నారు పూర్వులు. డాక్టర్లు అడిగేదీ అదే. పొద్దున మందు వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, నిమిషం తేడాతో రెండేసి సార్లు, వారం పాటు చూసి రాయమంటారు. మొదటిరోజు అంకెలు పక్కనపెట్టి మిగతావాటి సగటు తీస్తారు. మొదటిరోజు బెరుకు ఎవరికైనా ఉంటుందని వాళ్లకి తెలుసు.

చూసుకునే పద్ధతీ ఒక సాధనే. అరగంట ముందునుంచి కాఫీ, సిగరెట్టు కూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి మోపి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకుంటే అంకె పెరుగుతుంది. చెయ్యి గుండె మట్టానికి కిందుగా వేలాడినా పెరుగుతుంది. మోచేతి మడతకి రెండు వేళ్లు పైన చుట్టిన పట్టీ బుసబుసమంటూ బిగుస్తుంటే, సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ‘కరివేపాకు తెచ్చారా?’ అని వినబడుతుంది. జవాబు చెబితే ఆ రీడింగు పోయినట్టే. మనిషి పలక్కుండా, కదలకుండా, ఎవరికీ ఏ పనికీ అందకుండా కూర్చోవడం సంసారంలో ఎంత కష్టమో నాకు ఈ మిషనే చెప్పింది.

అంతకన్నా కష్టం, వచ్చింది వచ్చినట్టు రాయడం. మా మామయ్య పుస్తకం చూస్తే ఆయనకి బీపీ లేనేలేదు. ఎక్కువ చూపిస్తే ‘పట్టీ సరిగ్గా పడలేదు’ అని మళ్లీ పెడతాడు. తక్కువ చూపించినప్పుడు మాత్రం పట్టీ ఏనాడూ తప్పు పడదు. ఆ పుస్తకం తనకీ డాక్టరుకీ తప్ప మూడోవాళ్లకి కనిపించేది కాదు, అయినా అందులో మంచివాడు అనిపించుకోవాలని తాపత్రయం. ఆవకాయన్నం తిన్న మర్నాటి అంకె, కొడుకుతో మాటా మాటా పెరిగిన సాయంత్రపు అంకె తీసేస్తే, మిగిలేది ఎవరి బీపీ?

అసలు ‘నా బీపీ ఇంత’ అనే మాటే సగం నిజం. అది గుండె కొట్టుకున్నప్పుడల్లా మారుతుంది, నిద్రలో దిగుతుంది, తెల్లవారుతుంటే ఎక్కుతుంది. డాక్టరు ఎదుట పెరిగి ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లున్నారు. ఆస్పత్రిలో బుద్ధిగా ఉండి ఇంట్లో ఎగిరేవాళ్లూ ఉన్నారు. ఎక్కువ బీపీకి ఆస్పత్రిలో 140/90 గీత అయితే, ఇంట్లో 135/85 దగ్గరే గీత గీశారు. స్థలాన్ని బట్టి మనిషి మారతాడన్న సంగతిని వైద్యం ఇలా లెక్కలోకి తెచ్చుకుంది.

వారం తిరిగాక సగటు కడితే పైది 134 వచ్చిందనుకుందాం. పుస్తకంలో వెతికితే ఆ అంకె ఏ పూటా ఉండకపోవచ్చు. ఒకనాడు 146, ఒకనాడు 127. కోపం వచ్చిన నేనూ, నిద్ర చాలని నేనూ, తీరిగ్గా లేచిన నేనూ ఉన్నారు గానీ, 134 అనే నేను ఎన్నడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. డాక్టరు మందు మార్చేదీ, మార్చకుండా ఉంచేదీ ఆ ఎన్నడూ లేని మనిషిని చూసే. మొదట్లో ఇది నాకు అన్యాయంగా తోచింది. ఇప్పుడు ఊరటగా ఉంది. పాడు రోజు ఒక్కటే నన్ను ముంచదు, మంచి రోజు ఒక్కటే గట్టెక్కించదు. రెంటినీ దాచకుండా రాసిపెట్టడం వరకే నా వంతు.